పదిహేడో నంబరు సీసా

"తాడు ఇడువు."

"ఇడువ."

పశువుల బేరగాడు పరశురాములు తన ట్రాలీ ఆటోను వాకిట్లోకి వెనక్కి తిప్పి నిలబెట్టి పావుగంటయింది. వెనక తలుపు దించాడు. ఆవు ఎక్కడానికి పలక ఆనించాడు. చేసేదేమీ లేక ఒక బీడీ కాల్చి, రెండోది ముట్టించాడు. తాడుకు ఒక కొసన జానయ్య, మధ్యలో అమృతమ్మ పిడికిలి, రెండో కొసన లచ్చి. ముగ్గురిలో నిమ్మళంగా ఉన్నది లచ్చి ఒక్కతే. ట్రాలీ టైరును వాసన చూసి, నచ్చలేదన్నట్టు మొహం తిప్పుకుని నెమరు వేసుకుంటోంది.

ఆ ఆలుమగలు మూడు రోజులుగా మాట్లాడుకోవడం లేదు. అన్నం పెట్టింది, తిన్నాడు. నీళ్లు పెట్టింది, తాగాడు. మూడు రోజుల తర్వాత నోళ్లు విప్పితే వచ్చిన మాటలు అవి.

"కోడలు తొమ్మిది గంటల బస్సుకు వస్తనన్నది," అంది అమృతమ్మ. "మళ్లొక్కసారి పాలు చూస్తనన్నది. గా రెండు గంటలు ఆగరాదయ్యా?"

"గందుకే ఆగుతలేను."

"అంటే?"

"జానయ్యింటి ఆవు గావట్టి రెండోసారి పరీక్ష చేసిండ్రని ఊరంటది. కోడలు ల్యాబుల ఉన్నది, ఏమన్న చేసుకుంటరంటది. నిన్న కురుమయ్య తన ఆవును తోలిచ్చిండు. ఒక్క మాటన్నడా? రెండో పరీక్ష అడిగిండా? ఆయనకు లేనిది నాకెట్లుంటది?"

ఊరి పాల సంఘానికి జానయ్య అధ్యక్షుడు. నిరుడు పొదుగువాపు రోగం ఆయన కొట్టంలోనే మొదలై, చూస్తుండగానే ఆరు కొట్టాలకు పాకింది. పొదుగులు రాళ్లలా గట్టిపడ్డాయి. పాలల్లో నెత్తురు పడింది. ఆ దెబ్బ మరిచిపోలేకే, నల్లగొండలో ల్యాబులో పనిచేసే కోడలు సుచరిత పాల పరీక్ష చేస్తానంటే ఆయన ఎగిరి గంతేశాడు. నలభై ఆవులు, నలభై సీసాలు. ఎవరి ఆవుకు రోగం తేలినా ఊరు దాటించాల్సిందేనని సంఘం మీటింగులో గొంతు పెద్దది చేసి తీర్మానం చేయించాడు. మందులున్నాయి మామయ్యా, తొందరపడకండని కోడలు చెప్పబోతే, నిరుడు మందులు లేకనా అని నోరు మూయించాడు.

తీరా మూడు రోజుల కిందట తేలినవి రెండే. ఇరవై మూడో నంబరు సీసా కురుమయ్య ఆవుది. పదిహేడో నంబరు లచ్చిది.

అమృతమ్మ పిడికిలి బిగిసే ఉంది. పదిహేడో సీసాలో పోసినవి లచ్చి పాలు కావని ఆ వాకిట్లో తెలిసింది ఆమెకొక్కదానికే.

పన్నెండు రోజుల కిందటి మాట. ఆ పొద్దున లేచి చూసేసరికి లచ్చి దూడ పలుపు తెంపుకుని తల్లి పొదుగంతా ఖాళీ చేసి పెట్టింది. పాలకేంద్రంలో పనిచేసే ఏసోబు ఏడింటికల్లా సీసాల కోసం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఊళ్లో అన్ని ఇళ్ల సీసాలూ నిండి, పరీక్ష చేసే కోడలి ఇంటి సీసాల్లో ఒకటి ఖాళీగా పోతే ఏం మర్యాద? సరిగ్గా అప్పుడే పక్కింటి బిక్షమ్మ చెంబుతో వచ్చింది. ఆమె ఆవు రాత్రే ఈనింది. ఇంటింటికీ జున్ను పాలు పంచుతోంది. చిక్కగా, పసుపు కలిపినట్టు, చూస్తేనే కడుపు నిండేలా ఉన్నాయి.

పరీక్ష అంటే అమృతమ్మకు తెలిసింది పాసో, ఫెయిలో. పరీక్షకు పంపేటప్పుడు ఇంట్లో ఉన్నవాటిలో మేలైనవి పంపాలి గదా. ఈనిన ఆవులకు పది దినాల దాకా సీసా లేదని ఏసోబు ముందే చెప్పాడు. అది పురుడు కోసమని ఆమె అనుకుంది. పురుడు ఆవుకుంటుంది గానీ పాలకెక్కడిది? బిక్షమ్మ చూస్తుండగానే ఆ పాలు సీసా నిండా పోసి మూత బిగించింది. నా ఆవు పాలు నల్లగొండ దాక పోతున్నయక్కా అని బిక్షమ్మ మురిసిపోయింది. చెంబు ఉత్తగా పంపకూడదు కనుక అడుగున పిడికెడు బియ్యం, ఓ బెల్లం ముక్క వేసి తిరిగిచ్చింది. అంతా పద్ధతిగానే జరిగిందనుకుంది అమృతమ్మ.

ఇప్పుడు నిజం చెబితే లచ్చి కొట్టంలోనే ఉంటుంది. కానీ రోగం సీసాలో ఉంది, సీసాలో పాలు బిక్షమ్మ ఆవువి. చెప్పిన మరుక్షణం ఈ ట్రాలీ మూతి పక్కింటి వైపు తిరుగుతుంది. బిక్షమ్మకు మొగుడు పోయి మూడేళ్లు. ఉన్నది ఆ ఒక్క ఆవు, దాని కింద పన్నెండు రోజుల దూడ. లచ్చి పోతే ఈ కొట్టంలో ఇంకా ఏడు ఉంటాయి. లెక్క ఎటు చూసినా ఒకటే, కానీ లచ్చి తల్లి లేకుండా పెరిగిన దూడ. ఈ చేతులతో సీసా పట్టి పాలు తాపితే బతికింది. ఇప్పటికీ ఆమె గొంతు వినిపిస్తే చాలు చెవులు ఇటు తిప్పుతుంది.

గోడ అవతల బిక్షమ్మ నిలబడి చూస్తోంది. మూడు రోజులుగా ఆమె కూడా ఈ వాకిలి తొక్కలేదు.

అమృతమ్మ ఆమె మొహం చూసింది. చూసి, పిడికిలి వదిలేసింది.

"తోల్కపో పరశురాములూ," అంది. అని కొంగు నోట్లో కుక్కుకుంది.

జానయ్య నిర్ఘాంతపోయాడు. పెళ్లాం ఇంత తొందరగా ఓడిపోవడం నలభై ఏళ్ల కాపురంలో ఆయన చూడలేదు. గెలిచిన సంతోషం మాత్రం కలగలేదు. తాడు పట్టుకుని లచ్చిని ముందుకు నడిపించాడు. లచ్చి పలక మీద ఒక కాలు పెట్టింది, వెనక్కి తిరిగి అమృతమ్మ వైపు చూసింది.

"మామయ్యా, ఆగుండ్రి!"

ఏసోబు బండి వాకిట్లో సర్రున ఆగింది. వెనక సీటు మీంచి సుచరిత దూకినంత పని చేసింది. భుజాన సంచి, చెదిరిన జుట్టు. పొద్దున్నే ట్రాలీ వస్తుందని ఏసోబు రాత్రే ఫోన్ చేస్తే, మొదటి బస్సుకే బయలుదేరి, రామన్నపేటలో బస్సు దిగి అతని బండెక్కి వచ్చింది.

"ఏందిరా ఏసోబూ, నీకేం పని నడుమ?" అని జానయ్య కోపం అటు మళ్లించాడు.

"నాకేం పని లేదు పెద్దయ్యా. మేడం తెమ్మన్నది, తెచ్చిన," అని ఏసోబు బండి వెనక నక్కాడు.

"పది నిమిషాలు ఆగుండ్రి మామయ్యా."

"ఆగను బిడ్డా. నీ పరీక్ష మీద నమ్మకంతోనే పంపుతున్న. రేపు ఊళ్లె ఎవలన్న నీ పరీక్షను ఏలుపెట్టి చూపొద్దు."

"నా పరీక్షను నేనే ఏలుపెట్టి చూపుతున్న." సుచరిత వచ్చి పలక పక్కన నిలబడింది. "మూడు దినాల సంది నాకు నిద్ర లేదు మామయ్యా. పాలల్ల లాక్టోఫెరిన్ అని ఒక ప్రోటీన్ ఉంటదని చెప్పిన గదా. పొదుగుల రోగం జొచ్చిందంటే అది పెరుగుతది. ఎలైసా పరీక్షల, ప్లాస్టిక్ పలక మీద చిన్న చిన్న గుంటలల్ల పాలు పోసి మందు కలిపితే, అది ఎంత ఎక్కువుంటే అంత పసుపు రంగు వస్తది. రోగమున్న పాలకు ఎంత రంగొస్తదో నాకెరికే. నిరుడు ఎన్ని చూసిన! కానీ ఇది వేరే తీరు. పాలను పల్చగ చేసి పెట్టిన, ముదురు పసుపే. ఇంకింత పల్చగ చేసిన, మళ్ల గట్లనే. రోగముంటే గూడ గింత రాదు. అంత రోగముంటే పొదుగు ముట్టనియ్యదు, ఆవు నిలవడదు. లచ్చిని సూడుండ్రి, బెల్లం కోసం మీ జేబు నాకుతాంది."

నిజంగానే నాకుతోంది. జానయ్య జేబు వెనక్కి లాక్కున్నాడు.

"మీరు తోలియ్యాల్నంటే తోలియ్యుండ్రి. ఆవును చూసినంక తోలియ్యుండ్రి," అంది సుచరిత. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. తాడు మాత్రం కాస్త వదులు చేశాడు.

అది చాలు ఆమెకు. సంచిలోంచి నాలుగు గిన్నెలున్న ప్లాస్టిక్ పళ్లెం తీసింది. లచ్చి పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కో చన్ను పాలు ఒక్కో గిన్నెలో పిండింది. సీసాలోంచి ఊదారంగు మందు పోసి, పళ్లేన్ని మెల్లగా గుండ్రంగా తిప్పసాగింది.

"రోగముంటే గంజి లెక్క చిక్కవడుతది," అంది ఎవరినీ చూడకుండా.

పరశురాములు బీడీ పారేసి దగ్గరికొచ్చాడు. ఏసోబు మెడ సాచాడు. జానయ్య చూడనట్టు నిలబడి చూస్తున్నాడు. పాలు తిరుగుతున్నాయి. మొదటి గిన్నెలో నీళ్లలా తిరిగాయి. రెండో గిన్నెలోనూ అంతే. మూడు, నాలుగు, ఎక్కడా జిగట లేదు, తెట్టె లేదు.

"ఆవు సాఫ్‌గున్నది," అంది సుచరిత. పళ్లెం పట్టుకున్న చెయ్యి దించి, పెద్దగా ఊపిరి విడిచింది. మరుక్షణమే తలవంచుకుంది. "అంటే నేనే తప్పు చేసినన్నమాట. నంబర్లు కలిసిపోయినయో, గుంటలు మారిపోయినయో. నలభై ఇండ్లోళ్లు నన్ను నమ్మి పాలిచ్చిండ్రు. మా సారుకు ఏం చెప్పాలె?"

"తప్పు ల్యాబుల జరగలేదేమో మేడం," అన్నాడు ఏసోబు నసుగుతూ. "సీసల మీద నంబరు నేనే రాసిన. ఎవలింటి సీస ఆళ్లకే ఇచ్చిన. మరి సీస నింపింది ఇంట్లోళ్లే గదా."

వాకిట్లో అందరి కళ్లూ అమృతమ్మ మీదికి మళ్లాయి.

"అత్తమ్మా," అంది సుచరిత. "ఆ దినం పాలు పిండింది మీరే గదా?"

అమృతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మాట్లాడవేందే?" అన్నాడు జానయ్య.

పలకలేదు. కోడలు తలవంచుకుని తనను తాను తిట్టుకోవడం ఆమె చూస్తూనే ఉంది. ఒక్క మాట చాలు కోడలి తల ఎత్తడానికి. ఆ ఒక్క మాటకు గోడ అవతలి కొట్టం ఖాళీ అవుతుంది. దవడలు బిగబట్టి నేల చూపులు చూసింది.

"అక్కను అడగకుండ్రి."

గోడ పక్క దడి తలుపు తోసుకుని బిక్షమ్మ వచ్చింది. చేతిలో తాడు పట్టుకొచ్చింది, తన ఆవు మెడకుండే తాడు. దాన్ని తెచ్చి జానయ్య కాళ్ల దగ్గర పెట్టింది.

"గా సీసల పాలు నా ఆవుయి బావా. ఆ పొద్దుగాల ఐదిండ్లకు పంచిన. అక్క సీసల పోసుకున్నది, నేను కండ్లార చూసిన. మూడు దినాల సంది చెప్దామని వస్తున్న, తడిక కాడికి వచ్చి మర్లిపోతున్న. లచ్చిని తోలుతాంటే చూసుకుంట నిలవడ్డ, నా పానం ఒప్పుతలేదు. రోగం నా దానికే ఉన్నది. నా దాన్నే తోల్కపోండ్రి." అని ఏడుపు ఆపుకోలేక పలక మీదే కూలబడింది.

"నిన్నెవరు రమ్మన్నరే!" అమృతమ్మ పరుగున పోయి ఆమెను పొదివి పట్టుకుంది. "నేను నోరిప్పిన్నా? నేను చెప్పిన్నా? లచ్చి పోతే పోయె, నాకింక ఏడున్నయి. నీకేమున్నదే పిచ్చిదానా?"

ఇద్దరూ కలిసి ఏడుస్తుంటే జానయ్యకు ఏం చేయాలో తోచక తాడు వంక చూశాడు, ట్రాలీ వంక చూశాడు.

సుచరిత మాత్రం బిక్షమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"చిన్నత్తమ్మా. ఐదిండ్లకు పంచిన అన్నరు. పాలు ఎందుకు పంచుతరు?"

"ఆవు ఈనింది గద బిడ్డా. రాత్రి ఈనింది, పొద్దుగాల..."

"జున్ను పాలా?"

"ఆఁ."

"అత్తమ్మా! సీసల పోసింది జున్ను పాలా?"

అమృతమ్మ దొంగలా తల ఊపింది. సుచరిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నారు. భుజాలు కదులుతున్నాయి, కళ్లలో నీళ్లున్నాయి, కానీ అది నవ్వు. ఆపుకుందామన్నా ఆగడం లేదు.

"రోగం లేదు," అంది చివరికి. "లచ్చికీ లేదు, మీ ఆవుకూ లేదు! జున్ను పాలల్ల లాక్టోఫెరిన్ కుప్పలు కుప్పలు ఉంటది. దూడకు రోగం రాకుండ తల్లి ఇచ్చే మందది. గందుకే ఈనిన ఆవు పాలు పది దినాల దాక తియ్యొద్దని ఏసోబుకు చెప్పిన!"

"నేను చెప్పిన మేడం," అన్నాడు ఏసోబు. "ఎందుకో చెప్పలే. నాకు మీరు చెప్పలే."

అది నిజమే. సుచరిత నవ్వు సగంలో ఆగింది. సీసా మీద నంబరు ఎలా రాయాలో, ఎంత చల్లగా ఉంచాలో అరగంట చెప్పిన మనిషి, ఈ ఒక్క ముక్కకు కారణం చెప్పలేదు.

జానయ్య గొంతు సవరించుకున్నాడు. "ఊకె మాటలతోని కాదు బిడ్డా. రుజువేంది?"

సుచరిత ఒక్క క్షణం ఆలోచించి ల్యాబుకు ఫోన్ చేసింది. పదిహేడో సీసాలో మిగిలిన పాలు అక్కడ ఫ్రీజర్‌లో ఉన్నాయి. "శివకుమార్, వాటిని కరగనిచ్చి చిన్న ట్యూబుల పోసి, మసిలే నీళ్లల్ల పెట్టు. ఏమైతదో చూసి చెప్పు," అంది. ఆడవాళ్లిద్దరికీ అప్పుడే అర్థమైపోయింది. పొయ్యి మీద పెట్టిన జున్ను పాలు ఏమవుతాయో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అరగంట పట్టింది. పరశురాములుకు కూడా చాయ్ ఇచ్చారు. జానయ్య చాయ్ పట్టుకుని పెళ్లాం పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"నాకన్న చెప్పొద్దా?" అన్నాడు గొంతు తగ్గించి.

"చెప్తే బిక్షమ్మ ఆవును ఉంచుతుంటివా?"

ఆయన చాయ్ తాగాడు.

"నన్ను గంత కఠినమైనోణ్ణి అనుకున్నవా?"

"అనుకున్న," అంది అమృతమ్మ. అబద్ధం ఆడడానికి ఆమెకిప్పుడు ఓపిక లేదు.

ఫోన్ మోగింది. సుచరిత స్పీకర్ పెట్టింది. "మేడం, ఐదు నిమిషాలల్లనే గట్టిగయింది," అన్నాడు అవతల శివకుమార్. "ట్యూబు తలకిందులు పట్టినా పడుతలేదు. అసలు జున్నిది. ఇంతంత చక్కెర, యాలకులు ఉంటే తినేటోళ్లం."

బిక్షమ్మ లేచి, జానయ్య కాళ్ల దగ్గరి తాడు తీసుకుని గుండెకు హత్తుకుంది. అమృతమ్మ లచ్చిని గుంజకు కట్టేసి, దాని గంగడోలు నిమురుతూ, మూడు రోజుల మాటలన్నీ దాని చెవిలోనే చెప్పేసింది. పది మంది మోసే బరువు ఒక్కసారి దిగినట్టయింది ఆ వాకిలికి. జానయ్య కూడా నవ్వాడు. "మనింట్ల జున్ను ఎవలు తిన్నట్టు మరి? నల్లగొండల మిషను తిన్నదా?" అన్నాడు.

పరశురాములు పలక ఎత్తి ట్రాలీలో పడేశాడు. "సరే అన్నా, ఖాళీగనే పోత."

అమృతమ్మ చెయ్యి లచ్చి మెడ మీద ఆగిపోయింది.

"బిక్షమ్మా," అంది. "ఐదిండ్లకు పంచిన అన్నవు. ఏయే ఇండ్లు?"

బిక్షమ్మ వేళ్లు మడిచింది. "మీకు. మా ఆడబిడ్డకు. సర్పంచి ఇంటికి. గుడి కాడి అవ్వకు. మళ్ల కురుమయ్యన్నకు. పాపం, పెండ్లాం బిడ్డ కాన్పుకని జడ్చర్ల పోయింది, ఆయనకేమో చెయ్యి ఇరిగింది, పాలు పిండేటోళ్లు గూడ లేరని..."

నవ్వుతున్న జానయ్య నవ్వు మొహం మీదే గడ్డకట్టింది.

"ఆయన సీస," అన్నాడు ఏసోబు మెల్లగా, "నేను పోయేవరకే నింపి గూట్లె పెట్టిండు."

"కురుమయ్య ఆవేది?" జానయ్య పరశురాములు భుజం పట్టుకున్నాడు. "యాడున్నది?"

"నిన్న మాపటికే నకిరేకల్ చేరింది గదన్నా. నా కొట్టంలనే కట్టేసిన. పొద్దుగాల కొనేటోళ్లు ఇద్దరు చూస్తమన్నరు, మా తమ్ముడున్నడు..." ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మోగుతోంది. అవతల ఎవరూ ఎత్తడం లేదు.

అప్పుడే గేటు దగ్గర దగ్గు వినిపించింది. కట్టు కట్టిన చెయ్యి మెడలో వేసుకుని కురుమయ్య లోపలికొచ్చాడు. ఎవరి మొహాలూ చూడకుండా నేరుగా జానయ్య దగ్గరికొచ్చి, బాగున్న చేత్తో ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మనసు కరాబు చేసుకోకన్నా. ట్రాలీ చూసి వచ్చిన. నువ్వొక్కనివే కాదు గదా, నాది గూడ పోయింది. నువ్వే ముందుండి నీ ఆవును తోల్తివి. గీ ఊళ్లె గట్ల ఎవలు చేస్తరు?"

అంటూ తలెత్తాడు. గుంజ దగ్గర లచ్చి కనిపించింది. పరశురాములు ఖాళీ ట్రాలీ కనిపించింది. చేతిలో తాడుతో కళ్లు తుడుచుకుంటున్న బిక్షమ్మ కనిపించింది.

"ఇంక తోలలేదా అన్నా?"

అమృతమ్మ నోరు తెరిచి, మొగుడి వైపు చూసి మూసుకుంది. ఇది ఆమె చెప్పే మాట కాదు.

జానయ్య ట్రాలీ ముందు సీటు ఎక్కి కూర్చున్నాడు. పక్కకు జరిగి, కురుమయ్యకు జాగా చేశాడు.

"ఎక్కు తమ్మీ," అన్నాడు. "దారిల చెప్త."